శాన్ హోసేలో నాలుగు వాటాల ఇల్లు: నెలనెలా మిగులు ఎక్కడి నుంచి వచ్చింది

2024 ఆరంభంలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో 1962 నాటి నాలుగు వాటాల ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. అడిగిన ధర 17,25,000 డాలర్లు. ఏజెంటు ఇచ్చిన లెక్కల కాగితంలో క్యాప్ రేటు, అంటే ఖర్చులు పోను అప్పు వాయిదాలకు ముందు మిగిలే ఏడాది ఆదాయం ధరలో ఎంత శాతమో చెప్పే అంకె, 5.7 శాతమని ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న అన్నదమ్ములిద్దరు ఆ కాగితం నా ముందు పెట్టి, "బ్యాంకు వడ్డీ 7 శాతం ఉంది కదండీ, దీన్ని కొంటే నెలకు ఏమైనా మిగులుతుందా?" అని అడిగారు.

చిన్న అద్దె ఇళ్ల కొనుగోలు లెక్కలు కట్టడం, కొన్నాక వాటి నిర్వహణను గాడిలో పెట్టడం నా వృత్తి. కాగితంలో ఉన్నట్టుగా కొంటే మిగలడం మాట అటుంచి, ప్రతి నెలా జీతంలోంచి తెచ్చి కట్టాల్సి వస్తుందని వారికి చెప్పాను. అయినా ఆ ఇంటిని అప్పుడే వదులుకోవద్దని కూడా చెప్పాను. దానికి కారణాలు ఆ కాగితంలో లేవు. స్థలం వెనక భాగంలో కొన్ని ఉన్నాయి, అమ్మే ఆవిడ పరిస్థితిలో కొన్ని ఉన్నాయి.

ముందుగా కాగితం సంగతి. నాలుగు వాటాలకూ తలా 2,800 డాలర్ల అద్దె వేశారు. నిజానికి ఒక వాటా ఖాళీగా ఉంది. మిగిలిన మూడింటి అద్దెలు 2,250, 2,300, 1,850. శాన్ హోసే నగర అద్దె నియంత్రణ నిబంధన ప్రకారం 1979 సెప్టెంబర్ 7కు ముందు కట్టిన, మూడు లేదా అంతకన్నా ఎక్కువ వాటాలున్న ఇళ్లలో అద్దెను 12 నెలలకు ఒకసారి, 5 శాతానికి మించకుండా మాత్రమే పెంచాలి. 1,850 కట్టే వారి అద్దె ఆ లెక్కన 2,800 కావాలంటే ఏటా పూర్తి 5 శాతం పెంచుకుంటూ పోయినా ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. కిరాయిదారు తనంతట తాను ఖాళీ చేసిన వాటాకు మాత్రం యజమాని కొత్త అద్దె నిర్ణయించుకోవచ్చు. 1995 నాటి కోస్టా-హాకిన్స్ రాష్ట్ర చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. కాబట్టి ఖాళీగా ఉన్న నాలుగో వాటాకు బాగు చేయించి 2,750 వేశాను. మిగతా మూడింటికీ ఉన్న అద్దెనే ఉంచాను.

అంతకన్నా పెద్ద తేడా ఆస్తి పన్ను దగ్గర ఉంది. కాగితంలో ఏడాదికి 5,400 డాలర్లు చూపారు. అది అబద్ధం కాదు, ఆవిడ కడుతున్నది అంతే. 1978లో వచ్చిన ప్రొపొజిషన్ 13 వల్ల కాలిఫోర్నియాలో ఆస్తి పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. ఆవిడ 1986లో కొన్నారు. కానీ చేతులు మారిన రోజునే ఆ విలువ కొత్త కొనుగోలు ధరకు మారిపోతుంది. స్థానిక పన్నులతో కలిపి 1.25 శాతం చొప్పున వేస్తే 16 లక్షలకు ఏడాదికి 20,000 డాలర్లు. పైగా కొన్న రోజు నుంచి కొత్త పన్ను ఏడాది మొదలయ్యే దాకా పెరిగిన పన్నుకు విడిగా ఒక సప్లిమెంటల్ బిల్లు కూడా వస్తుంది. ఈ రాష్ట్రంలో పాత యజమాని పన్నును కొనేవారి లెక్కలో వేసి చూపించే కాగితాన్ని నేను అక్కడితోనే పక్కన పెడతాను.

16 లక్షలకు బేరం కుదురుతుందనుకుని నా లెక్క ఇలా కట్టాను. నాలుగు అద్దెలు కలిపి నెలకు 9,150, ఏడాదికి 1,09,800. ఖాళీ నెలల కింద 5 శాతం తీసేస్తే 1,04,310. ఖర్చుల్లో పన్ను 20,000, బీమా 5,400, నీరు, చెత్త 8,400, మరమ్మతులు 9,000, పైకప్పు వంటి పెద్ద పనుల కోసం పక్కన పెట్టేది 4,000, నిర్వహణకు 5,200. ఆ చివరిది వద్దని, "మేమే చూసుకుంటాం" అని తమ్ముడు అన్నారు. చూసుకోవచ్చు, కానీ ఆ శ్రమకూ ఒక ధర ఉంటుంది. దాన్ని సున్నా చేసి చూపే మిగులు ఇంటి సంపాదన కాదు, వారి ఆదివారాల కూలి. మొత్తం ఖర్చు 52,000, నికర ఆదాయం 52,310. అంటే 5.7 శాతమన్నది 3.27 శాతానికి దిగింది.

ఇక అప్పు. పెట్టుబడి కోసం కొనే రెండు నుంచి నాలుగు వాటాల ఇళ్లకు మామూలుగా 75 శాతం వరకు రుణం దొరుకుతుంది. 12 లక్షలు 7 శాతం వడ్డీకి, 30 ఏళ్లకు తీసుకుంటే ఏడాది వాయిదాలు 95,800 డాలర్లు. లోటు 43,500. వారు 40 శాతం డౌన్ పేమెంట్ కట్టినా లోటు పోదు, 24,300కు తగ్గుతుంది. ఇక్కడ చూడాల్సిన జత అంకెలు రెండే. ఆ ఇంట్లో పెట్టిన ప్రతి లక్ష డాలర్లూ ఏటా 3,270 సంపాదిస్తాయి. బ్యాంకు నుంచి తెచ్చిన ప్రతి లక్షకూ అసలు, వడ్డీ కలిపి ఏటా 7,980 కట్టాలి. అప్పు ఎంత పెరిగితే లోటు అంత పెరుగుతుంది. ఖరీదైన ఊళ్లలో చాలామంది ధర మీదే పోట్లాడి అలిసిపోతారు. ఈ ఇంటికి ధర మరో లక్ష తగ్గినా లోటు లోటుగానే ఉండేది. మిగులు రావాలంటే అప్పు ఖరీదు తగ్గాలి, లేదా అదే స్థలంలో 7,980 కన్నా ఎక్కువ సంపాదించే చోటు ఒకటి దొరకాలి. ఈ ఇంట్లో ఆ రెండింటికీ దారి కనిపించింది.

మొదటి దారి, బ్యాంకుకు బదులు అమ్మే ఆవిడే అప్పివ్వడం. ఆవిడకు ఆ ఇంటి మీద అప్పు లేదు. ఆస్తి హక్కులు, దాని మీది అప్పులు చూపే టైటిల్ రిపోర్టులో ముందు చూసింది అదే. పాత బ్యాంకు రుణం ఉంటే, అమ్మగానే మొత్తం కట్టమనే షరతు అడ్డొచ్చేది. వయసు మీద పడి, కిరాయిదారుల ఫోన్లు ఎత్తలేక అమ్ముతున్నారు. అంతా ఒకేసారి చేతికొస్తే దశాబ్దాల లాభం మీద పన్ను మొత్తం ఒక్క ఏడాదిలోనే పడుతుంది. ఫెడరల్ పన్నుకు తోడు కాలిఫోర్నియా రాష్ట్రం ఆ లాభాన్ని మామూలు ఆదాయంగానే చూస్తుంది. వాయిదాల్లో తీసుకుంటే పన్ను కూడా వాయిదాల్లోనే కట్టవచ్చు. ఇదంతా ఆవిడ పన్ను సలహాదారు ద్వారానే మాట్లాడాం. అవతలి పక్షం తరఫున లెక్క మనం చెప్పడం మర్యాద కాదు, క్షేమమూ కాదు.

మా ప్రతిపాదన ఇది. ధర 16 లక్షలు, చేతికి 4,80,000, మిగిలిన 11,20,000 ఆవిడే అప్పుగా ఇవ్వాలి. 5 శాతం వడ్డీ, ఏడేళ్లపాటు వడ్డీ మాత్రమే కట్టి చివర్లో అసలు మొత్తం తీర్చాలి. ఇలాంటి అప్పులకు ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్ నెలనెలా ప్రకటించే కనీస రేటు ఒకటుంటుంది. 5 శాతం దానికన్నా పైనే ఉంది. ఆవిడకు ఇల్లు ఏటా మిగిల్చేది సుమారు 41,000. మేము కట్టే వడ్డీ 56,000, అదీ అర్ధరాత్రి కుళాయి ఫోన్లు లేకుండా. ఆవిడ భయం ఒక్కటే, పెరట్లోని గ్యారేజీని అద్దె ఇళ్లుగా మార్చే పని మధ్యలో ఆగిపోయి సగం కట్టిన ఇల్లు తన నెత్తిన పడుతుందేమోనని. అందుకే నిర్మాణానికి కావలసిన డబ్బు విడి ఖాతాలో చూపించాం. ఇంటిని ఆవిడ అప్పుకు తాకట్టుగా చూపే డీడ్ ఆఫ్ ట్రస్ట్‌ను పని మొదలుకాక ముందే రిజిస్టర్ చేయించాం. ముందు రిజిస్టరైతే కాంట్రాక్టర్ల బకాయిల కన్నా ఆవిడ హక్కే ముందుంటుంది. మా వైపు నుంచి కోరినవి మూడు: ముందే తీర్చినా జరిమానా ఉండకూడదు, ఏడీయూలు, అంటే అదే స్థలంలో అదనపు నివాసాలు, కట్టడానికి రాతపూర్వక అనుమతి ఉండాలి, గడువు మరో ఏడాది పొడిగించుకునే హక్కు ఉండాలి. ఆ చివరి ఏడాదికి వడ్డీ 6 శాతమని కుదిరింది.

ఇక వెనక భాగం. పెరడు చివర 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున నాలుగు కార్ల గ్యారేజీ విడిగా ఉంది. కాలిఫోర్నియాలో ఏడీయూ అని పిలిచే అదనపు నివాసాల చట్టాలు 2020 నుంచి బాగా సడలాయి. దరఖాస్తు సక్రమంగా ఉంటే నగరం 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. 750 చదరపు అడుగుల లోపు వాటికి ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త నిర్మాణం వల్ల ఊరి సదుపాయాల మీద పడే భారానికి వసూలు చేసేవి, ఉండవు. గ్యారేజీని ఇల్లుగా మార్చినప్పుడు పోయిన పార్కింగ్‌కు బదులు చూపమని నగరం అడగకూడదు. బహుళ నివాస స్థలంలో విడిగా రెండు ఏడీయూలు అప్పటికే చెల్లుతాయి. 2025 జనవరి నుంచి ఆ పరిమితి ఎనిమిదికి పెరిగింది, అయితే ఉన్న వాటాల సంఖ్యను దాటకూడదు. మాకు రెండు చాలు, ఒక్కోటి 400 చదరపు అడుగులు.

చట్టం అనుమతించినంత మాత్రాన నేల అనుమతిస్తుందని కాదు. కొనేముందు తనిఖీ గడువులో నా సమయమంతా ఆ గ్యారేజీ దగ్గరే గడిచింది. మొదటి ప్రశ్న మురుగు గొట్టం. పైపు ప్రతి అడుగుకూ పావు అంగుళం వాలాలి. గ్యారేజీ నుంచి ప్రధాన గొట్టం కలిసే చోటికి 70 అడుగులు, అంటే పదిహేడున్నర అంగుళాల వాలు. అంత లోతు అక్కడ ఉందా? కెమెరా దించి లోతు కొలిపించాం. సరిపోయింది. లేకపోతే మురుగును పైకి తోడే పంపు పెట్టాలి, దాని ఖర్చూ మరమ్మతూ ఇంటితో పాటు శాశ్వతం. రెండోది గోడ. వెనక గోడ సరిహద్దుకు ఒక అడుగు దూరంలో ఉంది. కొత్తగా కడితే నాలుగు అడుగులు వదలాలి, ఉన్న కట్టడాన్ని మారిస్తే ఆ నియమం వర్తించదు. మార్పిడినే ఎంచుకోవడానికి అసలు కారణం అదే. కానీ సరిహద్దుకు మూడు అడుగుల లోపున్న గోడకు కిటికీ పెట్టకూడదు, గంటసేపు నిప్పుకు నిలిచేలా గోడను కట్టాలి. కాబట్టి కిటికీలన్నీ ముందువైపే వచ్చాయి. వెనక గదికి వెలుతురు పైకప్పులో అద్దం పెట్టి తెచ్చాం. మూడోది నేల. గ్యారేజీ కాంక్రీటు తలుపు వైపు వాలి ఉంటుంది, కింద చెమ్మను ఆపే పొర ఉండదు. నాలుగు పెద్ద తలుపులు తీసేసిన చోట పునాదే లేదు. అక్కడ తవ్వి కొత్త పునాది పోసి, నేలను సమం చేశాక గోడ లేచింది. ఈ మూడూ కాంట్రాక్టరు మొదటి అంచనాలో లేవు. వాటిని కలిపి మళ్లీ అంచనా రాయించాకే కొనుగోలుకు సరే అన్నాం. నిర్మాణం 2,90,000, డిజైను, అనుమతులు, విద్యుత్ మీటర్లు 34,000, మొత్తం 3,24,000.

పనిలో ఎక్కువ కాలం తిన్నది గోడలు కాదు, కరెంటు. రెండు కొత్త మీటర్లకు సరఫరా లైను పెంచాల్సి వచ్చింది. ఆ అనుమతి నెలల తరబడి సాగింది. ఏడీయూ కట్టేవారెవరైనా విద్యుత్ దరఖాస్తును నగర అనుమతితో పాటే పెట్టాలి. అది వచ్చాక ఇది అనుకుంటే, తాళం వేసిన కొత్త ఇంటికి వడ్డీ కడుతూ కూర్చోవాలి.

నగరం పార్కింగ్ అడగకపోయినా కిరాయిదారులు అడుగుతారు, అడిగే హక్కు వారికి ఉంది. మూడు కుటుంబాల అద్దెలోనూ తలా ఒక గ్యారేజీ కలిసి ఉంది. అద్దె నియంత్రణ ఉన్న ఇంట్లో ఉన్న సౌకర్యం తీసేస్తే అద్దె తగ్గించమని వారు నగరానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దాకా రానివ్వకుండా, పని మొదలుపెట్టక ముందే ఒక్కొక్కరినీ కలిశాం. 1,850 కట్టే మూడో వాటా పెద్దాయన వడ్రంగి పని చేసి రిటైరైన మనిషి. తన గ్యారేజీ తలుపు ఎత్తి చూపించారు. గోడ పొడవునా రంపాలు, ఉలులు, బాడిసెలు సైజుల వారీగా మేకులకు వేలాడుతున్నాయి. "అద్దె సంగతి తర్వాత చూద్దాం. ఇవెక్కడ పెట్టుకోను?" అన్నారు. ఆయనకు పక్క ప్రహరీని ఆనుకుని తాళం పడే చిన్న షెడ్డు కట్టించాం. ముగ్గురికీ నెలకు 90 డాలర్ల అద్దె తగ్గింపు, గ్యారేజీ ముందున్న ఆవరణలో ఒక్కో కారుకు చోటు, అన్నీ రాతపూర్వకంగా. ఏడాదికి 3,240 డాలర్ల నష్టం అది. దాన్ని ఏడీయూల ఖర్చులోనే వేశాను, ఎందుకంటే అవి లేకపోతే ఆ నష్టం లేదు. అద్దె ఇంట్లో ఏళ్లుగా ఉన్నవారి సౌకర్యం మీద లెక్క కట్టకుండా మిగులు చూపించడం నాకు సమ్మతం కాదు.

ఏడీయూలకు తలా 2,050 అద్దె వచ్చింది, ఏడాదికి 49,200. ఖాళీ నెలలకు 5 శాతం, అదనపు పన్ను, బీమా, నీరు, మరమ్మతులు, నిర్వహణ, గ్యారేజీ తగ్గింపులు అన్నీ పోను 31,850 మిగిలింది. పెట్టిన 3,24,000 మీద 9.8 శాతం. ఇల్లు మొత్తం 3.27 శాతం దగ్గర ఆగిన చోట ఈ గ్యారేజీ ఒక్కటే బ్యాంకు వాయిదాను మించి సంపాదించింది. ఏడీయూ కట్టినా పాత భవనపు పన్ను విలువ మారదు, కొత్త నిర్మాణం విలువ మాత్రమే కలుస్తుంది. కొత్త నివాసాలు కాబట్టి వాటికి నగర అద్దె నియంత్రణ వర్తించదు, రాష్ట్ర అద్దె పరిమితి కూడా మొదటి 15 ఏళ్లు వర్తించదు.

చిన్నదే అయినా నాకు చాలా ఇష్టమైన భాగం నీటి బిల్లు. ఒక వాటా ఖాళీగా ఉన్న ఇంటికి ఆ వాడకం ఎక్కువనిపించింది. నీటి మీటరు డయల్ మీద చిన్న త్రికోణపు చక్రం ఒకటి ఉంటుంది. ఇళ్లలో అందరినీ కుళాయిలు కట్టేయమని అడిగి దాన్ని చూస్తే, మెల్లగా తిరుగుతూనే ఉంది. టాయిలెట్ ట్యాంకుల్లో రంగు మాత్ర వేసి చూస్తే రెండింట్లో రంగు కిందికి దిగింది. పెరట్లో పాత తోట గొట్టం ఒకటి నేల లోపలే కారుతోంది. అన్నీ కలిపి 2,600 డాలర్ల పని, బిల్లు ఏడాదికి 8,400 నుంచి 6,000కు దిగింది. పెట్టిన డబ్బు ఏడాది దాటిన వెంటనే తిరిగొచ్చిన చోటు ఈ కేసులో మరొకటి లేదు. బయటి సంస్థకు లీజుకు ఇచ్చిన బట్టలుతికే యంత్రాల గడువు తీరాక సొంతవి పెడితే ఏటా 1,900 వచ్చాయి. పాత అద్దెలు ఇద్దరికి 5 శాతం, పెద్దాయనకు 3 శాతం పెంచగా ఖర్చులు పోను సుమారు 3,000.

ఇవన్నీ కలిపితే నికర ఆదాయం 52,310 నుంచి 91,460కి చేరింది. వడ్డీ 56,000 పోను ఏడాదికి 35,460, అంటే నెలకు సుమారు 2,950 డాలర్లు. అన్నదమ్ములు చేతి నుంచి పెట్టింది డౌన్ పేమెంట్, రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఏడీయూలు, నాలుగో వాటా బాగుకు 22,000, నీటి పనులు కలిపి 8,46,600. దాని మీద 4.2 శాతం. అంత అప్పునే బ్యాంకు దగ్గర 7 శాతానికి తీసుకుని ఉంటే వాయిదాలు 89,400, మిగులు కేవలం 2,000. ఆవిడ అప్పు ఉండి ఏడీయూలు కట్టకపోయి ఉంటే మిగులు 3,600. ఒక్కోటి విడిగా సున్నాకు కాస్త పైకి తెస్తుంది, అంతే. నిజమైన మిగులు రెండూ కలిసినప్పుడే వచ్చింది.

4.2 శాతం అమెరికా ప్రభుత్వపు ట్రెజరీ బాండ్లు కూడా ఇంచుమించుగా ఇస్తున్నాయి కదా అని అన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. తేడా ఏమిటంటే, ఈ ఇంట్లో పెద్ద ఖర్చులు రెండింటికీ కళ్లెం ఉంది. వడ్డీ ఏడేళ్లు కదలదు, పన్ను విలువ ఏటా 2 శాతం దాటదు. అద్దెలకు మాత్రం పెరిగే చోటుంది. ఆ ఏడేళ్లలో డబ్బు అవసరం పడదనుకునే వారికే ఈ మాట వర్తిస్తుంది. రెండేళ్లలో బయటపడాలనుకునేవారికి బాండ్లే మేలని వారికి అదే రోజు చెప్పాను.

ఏడేళ్ల చివర తీర్చాల్సిన 11,20,000 ఈ కేసులో అసలైన ప్రమాదం. నాలుగు వాటాల వరకు ఇంటి రుణాల లెక్క, ఆరు నివాసాలయ్యాక చాలా బ్యాంకులు దాన్ని కమర్షియల్ ఆస్తిగానే చూస్తాయి. వాయిదాలకు 1.25 రెట్ల నికర ఆదాయం ఉండాలంటాయి. అప్పటికీ 7 శాతమే ఉంటే 1,11,800 నికర ఆదాయం కావాలి. ఇప్పటి 91,460 ఏటా 3 శాతం పెరిగితే ఏడేళ్లకు 1,12,500. గీత మీద నిలబడినట్టే, ఒక్క ఏడాది తడబడినా దాటలేం. అందుకే మిగులులోంచి ఏటా 15,000 అసలుకు కడుతున్నారు. ఆరేళ్లు కడితే అప్పు 10,30,000కు దిగుతుంది, కావలసిన ఆదాయం 1,02,800కు తగ్గుతుంది. ముందే తీర్చినా జరిమానా వద్దన్న షరతు పెట్టించింది ఇందుకే. ఆరు నివాసాలయ్యాక ఇంకో చిన్న మార్పు కూడా వచ్చింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మొత్తం నాలుగు వాటాలకు మించని చిన్న యజమానులు మాత్రమే రెండు నెలల అద్దెను డిపాజిట్‌గా తీసుకోవచ్చు. ఇకపై వీరికి ఒక్క నెలే.

తమ్ముడు ఇలాంటిదే మరొకటి చూడమన్నారు. అదే ఊళ్లో, పెరట్లో గ్యారేజీ ఉన్న మూడు వాటాల ఇల్లు ఒకటి దొరికింది. మురుగు లోతు సరిపోయింది, గోడ దూరమూ బాగుంది. అమ్మేవారికి మాత్రం డబ్బు మొత్తం ఒకేసారి కావాలి. బ్యాంకు వడ్డీతో లెక్క కట్టాను, ఏడీయూలు కట్టాక కూడా నెలకు 700 డాలర్ల లోటు తేలింది. దాన్ని కొనలేదు.